డి డ్రైవు ఎట్ల పోయింది?

భువనగిరి బస్టాండు వెనక గల్లీలో రేడియో ఖుద్దూస్ అంటే తెలియనివాడు లేడు. తెలిసినవాళ్ళంతా ఆయన గురించి చెప్పే మాట కూడా ఒక్కటే. చెయ్యి మంచిది, బుద్ధే ఎవరినీ నమ్మదు. హోటల్ నుంచి తెచ్చిన చాయ్‌ని ఒకసారి వాసన చూసి గాని నోట్లో పోసుకోడు. ఇరవై ఏడేళ్ళు రేడియోలు బాగుచేసిన మనిషి అట్లా కాక ఇంకెట్లా ఉంటాడు లెండి. దుకాణం మెట్లెక్కే ప్రతివాడూ చంకలో రేడియోతో పాటు ఒక అబద్ధం కూడా పెట్టుకుని వస్తాడు. "ఎవ్వలం ముట్టలే భాయ్, దానంతట అదే బందయింది" అంటాడు. వెనక మూత విప్పి చూస్తే లోపల కాలిన తీగ ఉంటుంది, అడ్డదిడ్డంగా బిగించిన మర ఉంటుంది. ఒకసారి రామన్నపేట నుంచి వచ్చిన రేడియోలో తెగిన తీగను అన్నం మెతుకుతో అతికించి ఉంది. అది తెచ్చినాయన కూడా ఖుదా మీద ఒట్టేసి, మేం ముట్టనే లేదన్నాడు.

ఖుద్దూస్‌కు మాత్రం ఒక పద్ధతి ఉంది. ఏ సెట్టు విప్పినా, విప్పేముందు ఏ రంగు తీగ ఎక్కడుందో ఒక చీటీ మీద రాసుకుంటాడు. ఆ చీటీ చొక్కా జేబులో పెట్టుకుంటాడు. సెట్టు తిరిగి పాడేదాకా ఆ చీటీ జేబు దాటదు.

అయితే సంగతి తొంభై ఎనిమిదో సంవత్సరానిది. అప్పటికి రేడియోల పని సన్నగిల్లింది. టీవీలు బాగుచేసేవాళ్ళు వేరే వచ్చారు. ఖుద్దూస్ దుకాణం మధ్యలో ప్లైవుడ్ చెక్క అడ్డం కట్టి, అవతలి సగం నల్లగొండలోని ఒక స్వచ్ఛంద సంస్థకు కిరాయికిచ్చాడు. వాళ్ళు అందులో ఒక కంప్యూటర్, ఒక ఫోను పెట్టి, పనికి ఖుద్దూస్ బిడ్డ తాహేరానే కుదుర్చుకున్నారు. తాహేరాకు ఇరవై ఒకటో ఏడు. డిగ్రీ అయింది, టైపు వచ్చు, ఇంగ్లీషు వచ్చు. ఊరూరూ తిరిగి కాగితాలు నింపుకొచ్చేది ఐలేశం. తాహేరా ఆ కాగితాల్లోని పేర్లన్నీ కంప్యూటర్‌లోకి కొడుతుంది.

ఏం పేర్లంటారా? నల్లగొండ నీళ్ళ గురించి కొత్తగా చెప్పేదేముంది. ఫ్లోరైడ్ నీళ్ళు తాగి పళ్ళు పచ్చబడ్డవాళ్ళు, మోకాళ్ళు వంకరపోయినవాళ్ళు, నలభై ఏళ్ళకే నడుం వంగి నేల చూస్తూ నడిచేవాళ్ళు. అరవై రెండు ఊళ్ళు, పదకొండు వేల మూడు వందల నలభై మంది. పేరు, వయసు, ఊరు, తాగే బోరు, ఏ ఎముక ఎట్లా వంగింది, అన్నీ రాసి ఉన్నాయి. ఎనిమిది నెలలు కొట్టింది ఆ పిల్ల. వచ్చే మంగళవారం ఢిల్లీ నుంచి నీళ్ళ అధికారులు నల్లగొండకు వస్తున్నారు. జాబితా వాళ్ళ చేతికందితే పైపుల్లో నది నీళ్ళు వచ్చే ఊళ్ళలో ఈ అరవై రెండూ చేరతాయి. అందకపోతే మళ్ళీ ఎన్నేళ్ళకో.

ఇంత పని తన దుకాణంలో జరుగుతుంటే ఖుద్దూస్‌కు సంతోషం ఉండాలా వద్దా? ఉంది. కానీ దాని అడుగున ఒక ముల్లు కూడా ఉంది. భువనగిరి ఖిల్లా కింద ఎవరింట్లో రేడియో మూగబోయినా తన దగ్గరికే వచ్చేది. ఇప్పుడు వచ్చేవాళ్ళు తనను దాటుకుని చెక్క అవతలికి పోయి "తాహేరమ్మ ఉన్నదా?" అంటున్నారు. తాను ఆ పెట్టెకు కావలివాడు, అంతే. ఒకనాడు బిడ్డ తెప్పించుకున్న కంప్యూటర్ పత్రిక తిరగేస్తే అందులో ఒక సీడీ, దాని మీద లైనక్స్ అని పేరు కనిపించాయి. డిస్కును భాగాలుగా కోసి, ఒక భాగంలో దీన్ని పెట్టుకోవచ్చని రాసి ఉంది. ఖుద్దూస్ డిక్షనరీ ముందేసుకుని వేలితో ఒక్కో అక్షరం పట్టుకుని పదిహేను రోజులు చదివాడు. చదివిందంతా అర్థమయింది కూడా. ఒకే డిస్కు, దానికి హద్దులు. మొదటి హద్దులోది సి, రెండో దానిలోది డి. దుకాణం మధ్యలో చెక్క కట్టినట్టే కదా అనుకున్నాడు. ఇంత తేలికైన దానికా ఈ పిల్లలు ఇంత గొప్పలు పోయేది అని మనసులో నవ్వుకున్నాడు.

గురువారం తాహేరా మేనత్త ఇంటికి, చనిపోయినవారి పేర చదివే ఫాతెహాకు పోయింది. మధ్యాహ్నం ఐలేశం వచ్చి సంచిలోని కాగితాలు తీసిపెట్టి, స్టూలు మీద కూర్చుని మంచినీళ్ళు తాగి పోయాడు. అతను పోయినాక ఖుద్దూస్ సీడీ వేసి పెట్టె తెరిచాడు. పద్ధతి మరవలేదు. ముందు హద్దుల పట్టిక చూసి చీటీ మీద అంకెలు ఎక్కించి, చీటీ జేబులో వేసుకున్నాడు. తర్వాత డి హద్దు చెరిపి ఆ జాగాలో రెండు కొత్త హద్దులు పెట్టాడు. ఒకటి బిడ్డ పేర్లకు, ఒకటి తన లైనక్స్‌కు. పేర్లు వాటంతట అవే మొదటి హద్దులోకి సర్దుకుంటాయని ఆయన లెక్క. చివరికి మార్పులన్నీ డిస్కు మీద రాసెయ్యమనే 'రాయి' ఆదేశం ఇచ్చాడు. కంప్యూటర్ మళ్ళీ తెరిచి చూస్తే సి ఉంది, డి లేదు. ఎనిమిది నెలల పేర్లలో ఒక్కటి కూడా లేదు. ఖుద్దూస్ ఇంకేదీ ముట్టకుండా కంప్యూటర్ ఆపేసి, సీడీని తన రేడియో సామాన్ల డబ్బా అడుగున దాచేసి, పాత సెట్టు ఒకటి ముందేసుకుని కూర్చున్నాడు.

శుక్రవారం పొద్దున తాహేరా చూసింది. ఫ్లాపీల మీద ఎత్తిపెట్టుకున్నది మొదటి నాలుగు ఊళ్ళే, ఆ ఫ్లాపీలు కూడా వానాకాలం బూజు పట్టాయి. రాసిన కాగితాలు నల్లగొండ గోదాములో ఉన్నాయి గాని మళ్ళీ కొట్టడానికి నాలుగు రోజులు ఏం సరిపోతాయి. పిల్ల ఏడవలేదు. తెల్లబోయిన ముఖంతో చెక్క ఇవతలికి వచ్చి, నిన్న ఎవరైనా పెట్టె ముట్టారా అని అడిగింది. ఖుద్దూస్ తలెత్తకుండానే, నాకేం తెలుసు, ఐలేశం వచ్చి కూర్చున్నడు అన్నాడు. వాళ్ళు ఇంట్లో మాట్లాడుకునేది ఉర్దూలో లెండి, మనం తెలుగులోనే చెప్పుకుందాం. ఏ భాషలో అన్నా ఆ మాట ఆ మాటే.

ఐలేశం గురించి అన్నదాంట్లో అబద్ధం ఒక్క ముక్క లేదు, అదీ గమ్మత్తు. ఐలేశం వచ్చాడు, కూర్చున్నాడు. ఆ తర్వాతి సగాన్ని వినేవాళ్ళకే వదిలేశాడు ఈ పెద్దమనిషి.

శనివారం పొద్దున్నే సంస్థను నడిపే నిర్మలమ్మ నల్లగొండ నుంచి వచ్చింది. మంచిదే ఆవిడ, కానీ పదేళ్ళుగా ఈ నీళ్ళ మీద కొట్లాడి కొట్లాడి అందరిలోనూ మల్లప్ప మనుషులనే చూస్తుంది. మల్లప్ప బోర్ల కాంట్రాక్టరు. పైపుల నీళ్ళొస్తే అతని బోరు మిషన్లు షెడ్డున పడతాయి. ఐలేశాన్ని పిలిపించి గల్లీలోనే నిలబెట్టి అడిగింది. పోయిన నెల నువ్వు మల్లప్ప జీపులో కనబడ్డవట, ఎందుకెక్కినవ్ అని. ఐలేశం రెండు మోకాళ్ళూ లోపలికి వంగి ఉంటాయి, కర్ర లేకుండా నడవలేడు. జాబితాలో అతని పేరు కూడా ఉంది, అతని అవ్వ పేరూ ఉంది. కాళ్ళు నొచ్చి రోడ్డు మీద కూర్చుంటే ఎక్కించుకున్నడు మేడమ్, ఎవడని చూడలే అన్నాడు. నిర్మలమ్మ ఖుద్దూస్ వైపు తిరిగింది. గురువారం ఇతను ఇక్కడ కూర్చున్న మాట నిజమేనా అంది. ఖుద్దూస్ తల ఊపాడు. ఆవిడ ఐలేశం భుజం మీది సంచి తీసుకుని, సంగతి తేలేదాకా దుకాణం మెట్లెక్కొద్దని చెప్పింది. ఐలేశం కర్ర పొడుచుకుంటూ బస్టాండు వైపు పోయాడు.

ఆ మధ్యాహ్నం తాహేరా ఒక ఉపాయం చెప్పింది. పత్రికలోనే ఒక ఈమెయిల్ అడ్రసు ఉంది. కంప్యూటర్ల పిచ్చి ఉన్నవాళ్ళంతా చేరిన ఉత్తరాల గుంపు అది. ఒకరు రాస్తే అందరికీ చేరుతుంది, తెలిసినవాళ్ళు జవాబిస్తారు. సి ఇంకా పనిచేస్తుంది గనుక దాన్నుంచే రాయొచ్చు.

"ముక్కు మొహం తెల్వనోళ్ళు ఊరికే ఎందుకు చెప్తరు?" అన్నాడు ఖుద్దూస్. తాను ఏనాడైనా ఇంకో మెకానిక్‌కు పని నేర్పాడా? అయినా వద్దంటే బిడ్డకు అనుమానం వస్తుందని భయం. సరే, నేను చెప్తా నువ్వు రాయి అన్నాడు. ఏం చెప్పాడో వినండి. అర్జెంట్, మా డి డ్రైవు దానంతట అదే పోయింది, ఎవ్వరం ముట్టలేదు, ఏం చేయాలో వెంటనే చెప్పండి. ఇరవై ఏడేళ్ళు ఎవరెవరి నోటనో విని లోపల తిట్టుకున్న మాటే తన నోట వస్తుంటే ఆయనకు చీమ కుట్టినట్టయినా లేదు.

సాయంత్రానికి మూడు జవాబులు వచ్చాయి. ఒకడు, అర్జెంట్ అని రాసే హక్కు నీకెవరిచ్చారని కోప్పడ్డాడు. ఇంకొకడు డిస్కంతా ఫార్మాట్ చేసి మొదటి నుంచి పెట్టుకోమన్నాడు. ఇట్లాంటి సలహా ఇచ్చేవాణ్ణి అనుమానించడంలో ఖుద్దూస్ తప్పు లేదు, అది చేసి ఉంటే జాబితాకు నిజంగానే మట్టి వేసినట్టయ్యేది. మూడోది మహబూబ్‌నగర్ నుంచి. ఏసోబు అని, అక్కడ ఒక కాలేజీ కంప్యూటర్ గదిలో పనిచేస్తాడట. ఓపికగా రెండు పేజీలు రాశాడు. హద్దురాళ్ళు పీకేస్తే చెలక ఎక్కడికీ పోదు, మీ పేర్లు కూడా అక్కడే ఉండొచ్చు, ముందు డిస్కు మీద కొత్తగా ఏదీ రాయకండి అన్నాడు. కానీ 'పోయింది' అంటే నాకేం తెలుస్తుంది అన్నాడు. చివరగా ఎవరు ఏం చేశారు, ఏ ఆదేశం ఇచ్చారు, పట్టికలో ఇప్పుడేం కనబడుతుంది, ఇంతకుముందు ఏముండేది, ఉన్నది ఉన్నట్టు, అంకెతో సహా రాయండి. ఒక్క మాట దాచినా నేను తప్పు మందు ఇస్తాను అని ముగించాడు. పట్టిక ఎట్లా చూడాలో కూడా వివరంగా చెప్పాడు.

తాహేరా చదివి చెబుతుంటే ఖుద్దూస్ చెవులు రిక్కించుకున్నాడు. మహబూబ్‌నగరోడికి మన జాబితాతో ఏం పని? హద్దు ఎక్కడ, తలుపెక్కడ అని అడిగేవాడు దొంగ కాక దొర అవుతాడా? మల్లప్ప బోరు మిషన్లు మహబూబ్‌నగర్ దాకా పోతాయి కదా. ఇట్లా పైకి అన్నాడు గాని లోపలి భయం వేరు. పాత అంకెలు ఆయన జేబులోనే ఉన్నాయి. అవి బయట పెడితే, దానంతట అదే పోయిన డ్రైవు హద్దులు నీ జేబులోకి ఎట్లా వచ్చాయని అడగరా? అడుగుతారు. తానైనా అదే అడుగుతాడు. ఆ రాత్రి చొక్కా విప్పకుండానే పడుకున్నాడు.

ఆదివారం పొద్దున తాహేరా ఏసోబు చెప్పినట్టే పట్టిక తెరిచింది. ఖుద్దూస్ చెక్క సందులోంచి చూస్తున్నాడు. చేతిలో సోల్డరింగు కడ్డీ ఉంది గాని అది వేడిగా కూడా లేదు. నల్ల తెర మీద నూట ముప్పై ఒకటి నుంచి రెండు వందల దాకా ఒక హద్దు, ఆ పక్క నుంచి చివరిదాకా ఇంకో హద్దు కనిపించాయి. పిల్ల ఆ రెండు వందల మీద వేలు పెట్టి చాలాసేపు అట్లాగే ఉంది. తర్వాత సొరుగు లాగి పత్రిక తీసింది. సీడీ ఉండే ప్లాస్టిక్ కవరు ఖాళీగా ఉంది. కవరును పత్రికలో ఎప్పటిలాగే పెట్టి సొరుగు మూసింది.

"అబ్బా, ఐలేశం అన్నకు ఇంగ్లీషొస్తదా?" అని తండ్రిని అడిగింది.

నాకెట్ల తెలుస్తది అన్నాడు ఖుద్దూస్. ఐలేశం తెలుగులో సంతకం చేయడానికే నాలుకను పంటి కింద పెట్టుకుంటాడని ఇద్దరికీ తెలుసు. ఎవరో మంచిగ కొలిచి చేసిన్రు అని తాహేరా మెల్లగా అంది. మల్లప్ప చదువుకున్నోణ్ణి తోలి ఉంటడు, వాళ్ళకేం తక్కువ అన్నాడు ఖుద్దూస్. పిల్ల ఫోను తీసుకుని చెక్క అవతల ఎవరితోనో తక్కువ గొంతుతో మాట్లాడింది. వినబడలేదు. అప్పటి నుంచి ఈ అనుమానాల మనిషికి ఇంట్లోనే అనుమానం మొదలయింది.

ఏసోబుకు జవాబు చెప్పే వేళ మళ్ళీ ఆయనే చెప్పాడు. దానంతట అదే పోయింది, ఇప్పుడు పట్టికలో ఇట్లా ఉంది, పాత అంకెలు తెలియవు అని రాయమన్నాడు. నాలుగు మాటలు. తాహేరా మాత్రం పావుగంట సేపు కొట్టింది.

నేను చెప్పింది గింతే కదా అన్నాడు. ఇంగ్లీషుల పొడుగైతది అబ్బా అంది తాహేరా.

మధ్యాహ్నం పిల్ల భోజనానికి ఇంటికి పోయింది. ఖుద్దూస్ చెక్క దాటి కంప్యూటర్ ముందు కూర్చున్నాడు. ఉత్తరాలు ఎట్లా తెరవాలో ఈ రెండు రోజుల్లో సందులోంచి చూసే నేర్చుకున్నాడు. ఏసోబు జవాబు వచ్చి ఉంది. డిక్షనరీ పక్కన పెట్టుకుని వేలు ఆనించి చదవసాగాడు. మొదటి వాక్యం దగ్గరే వేలు ఆగిపోయింది. తాహేరా గారూ, తప్పు మీదే అని దాచకుండా రాశారు, చాలామంది రాయరు; నేను కూడా నేర్చుకునే రోజుల్లో ఇదే పని చేశాను, సిగ్గుపడకండి.

తప్పు మీదే? ఇదేం మాట? ఖుద్దూస్ తెర మీద కిందికి జరుపుకుంటూ పోయి బిడ్డ రాసిన ఉత్తరం వెతికి పట్టుకున్నాడు. అర్ధగంట పట్టింది చదవడానికి. అందులో తాను చెప్పిన నాలుగు మాటల్లో ఒక్కటీ లేదు. 'ఈ కంప్యూటర్ నా చేతిలో ఉంటుంది. గురువారం డిస్కును భాగాలు చేయడం నేర్చుకుందామని పత్రికలోని సీడీ వేశాను. రెండో హద్దు చెరిపి రెండు కొత్త హద్దులు పెట్టాను. పేర్లు కనబడకపోయేసరికి భయపడి ఆపేశాను. ఫార్మాట్ చేయలేదనే అనుకుంటున్నాను. పాత హద్దు ఎక్కడ ముగిసిందో నా దగ్గర లేదు. నిన్న అబద్ధం రాసినందుకు క్షమించండి. ఏ పాపం తెలియని మనిషి ఒకరు నా తప్పుకు నింద మోస్తున్నారు.'

ఎండ గల్లీలో నిలువుగా కాస్తోంది. గురువారం తన చెయ్యి ఎక్కడెక్కడ పోయిందో పక్కన నిలబడి చూసినట్టు రాసింది పిల్ల. అంతా రాసి, చేసినవాడి పేరు దగ్గర తన పేరు పెట్టుకుంది. ఇరవై ఏడేళ్ళలో ఆయన మెట్లెక్కినవాళ్ళలో, నేను ముట్టని దాన్ని నేనే ముట్టానన్న మనిషి ఒక్కరు కూడా లేరు. ఆయనకు ఏడుపొచ్చింది. సిగ్గుతో వచ్చిన ఏడుపు అది.

ఏసోబు ఉత్తరం అడుగున ఇంకో సంగతి ఉంది. పాత హద్దును ఉన్నది ఉన్నట్టు మళ్ళీ పెడితే పేర్లన్నీ కనబడతాయి. కానీ ఒక్క అంకె అటూ ఇటూ అయినా పని కాదు, ఊహించి పెట్టడం ప్రమాదం. ఏ కాగితం ముక్క మీదైనా ఆ అంకెలు ఉన్నాయేమో ఇల్లంతా వెతకండి అని రాశాడు.

తాహేరా వచ్చేసరికి తండ్రి ఆమె కుర్చీలోనే కూర్చుని ఉన్నాడు. తెర మీద ఉత్తరం, కీబోర్డు మీద నలిగి చెమటకు తడిసిన చీటీ.

"నూట ముప్పై ఒకటి నుంచి రెండు వందల అరవై ఒకటి దాంక బేటా. పక్కన రకం అంకె ఆరు."

తాహేరా చీటీ తీసుకుంది. "ఇదెప్పుడు రాసినవ్ అబ్బా?"

"చెరిపే ముందు."

ఇంకేం అడగలేదు. అడిగి ఉంటే ఆయనకు కొంచెం తేలికయ్యేదేమో. రేడియో డబ్బా అడుగు నుంచి సీడీ ఆయనే తెచ్చిచ్చాడు. ఏసోబు చెప్పిన వరుసలోనే ఒక్కో ఆదేశం ఇచ్చింది పిల్ల. కొత్త హద్దులు రెండూ చెరిపి, చీటీలోని అంకెలతో పాత హద్దు పెట్టింది. చివరికి 'రాయి' ఆదేశం ఇచ్చింది. కంప్యూటర్ మూసి మళ్ళీ తెరిచింది. డి వచ్చింది. జాబితా తెరిస్తే మొదటి ఊరు, మొదటి పేరు. అక్కడి నుంచి జారుతూ జారుతూ చివరికి వచ్చింది. పదకొండు వేల మూడు వందల నలభై. ఖుద్దూస్ రెండు చేతులూ ముఖం మీద పెట్టుకుని అల్హమ్దులిల్లా అన్నాడు.

ఇప్పుడు చూడండి మనిషి బుద్ధి. అన్న నోటితోనే లోపల ఇంకో లెక్క మొదలుపెట్టాడు. పేర్లు వచ్చేశాయి కదా, ఇక ఎవరు చేశారని ఎవరడుగుతారు? ఐలేశానికి సంచి తిరిగిచ్చేస్తే సరి. ఏదో కంప్యూటర్ లోపం, అదే సర్దుకుంది. పైకి కూడా అదే అనబోయాడు. మేడమ్‌కు నేను ఫోన్ చేసి చెప్తలే, పేర్లు దొరికినయని అన్నాడు.

"పొద్దుగాల్నే నేను చేసిన అబ్బా. డి డ్రైవు చెరిపింది నేనే అని చెప్పిన. రేపు ఐలేశం అన్నను తోలుకొని వస్తనన్నది."

"నీకేం పిచ్చి? చెయ్యని దానికి ఎందుకు ఒప్పుకున్నవ్?"

తాహేరా ఫ్లాపీల మీద పేర్లు ఎత్తుకుంటోంది. తెర మీది చూపు తిప్పకుండానే జవాబు చెప్పింది. "శుక్రవారం సంది నువ్వు చెప్తవేమోనని చూసిన. రెండు వందల కాడ గింత సక్కగ కొలిచి హద్దు పెట్టేది ఎవరో నాకు తెల్వదా. పొద్దుగాల పట్టిక సూశినంక ఇగ సూడబుద్ధి కాలే."

ఆమె గొంతులో కోపం ఉంటే ఆయన కూడా గట్టిగా ఏదో ఒకటి అనేవాడు. కోపం లేదు. ఆయన చెక్క ఇవతలికి వచ్చి చీకటి పడేదాకా ఏ సెట్టూ విప్పలేదు.

సోమవారం పది గంటలకు నిర్మలమ్మ వచ్చింది. తెర మీద జాబితా తానే కిందికీ పైకీ చూసుకుంది. ఫ్లాపీలు లెక్కపెట్టి సంచిలో వేసుకుంది. ముఖంలో సంతోషం ఉంది, దాని పక్కనే ఇంకోటి కూడా ఉంది. తాహేరాను కూర్చోమనకుండానే మాట్లాడింది. జాబితా దొరికింది గనుక మాట రాకుండా పోయింది గాని, అరవై రెండు ఊళ్ళ బతుకుతో ఆటలాడినవ్ అంది. పైగా రెండు రోజులు ఇంకో మనిషిని దొంగను చేసి చూస్తూ ఊకున్నవ్, చదువుకున్న పిల్లవు నీకిది తగునా అంది. ఎల్లుండి ఈ పెట్టె నల్లగొండకు తీసుకపోతాం, అక్కడ వేరేవాళ్ళను చూసుకుంటాం అని కూడా అంది. తాహేరా తలొంచుకుని వింది. తండ్రి వైపు చూడనే లేదు.

ఐలేశం మెట్ల కిందే నిలబడ్డాడు. ఎక్కొద్దన్న మాట ఇంకా ఎవరూ వెనక్కి తీసుకోలేదు కదా.

ఖుద్దూస్ చెక్క ఇవతల స్టూలు మీద ఉన్నాడు. ఇప్పుడు ఊరుకుంటే ఊరుకోవచ్చు. బిడ్డ ఒప్పుకుంది, మేడమ్ నమ్మింది, జాబితా నల్లగొండకు పోతుంది. దుకాణం పేరు పోదు, రేడియో ఖుద్దూస్ చేతి మీద మచ్చ పడదు. ఊరుకోవాలని నోరు గట్టిగానే మూసుకున్నాడు. కానీ బిడ్డ మెడ వంచుకుని నిలబడ్డ తీరు చూస్తుంటే కూర్చోలేకపోయాడు. లేచి చెక్క దాటి వచ్చాడు.

"మేడమ్, పిల్ల ముట్టలే. చెరిపింది నేను."

నిర్మలమ్మకు అర్థం కాలేదు. మళ్ళీ చెప్పాల్సి వచ్చింది. రెండోసారి చెప్పడం మొదటిసారి కంటే కష్టమయింది. సీడీ సంగతి, చీటీ సంగతి, గురువారం ఏ పొద్దుకు ఏం చేశాడో అన్నీ చెప్పాడు. ఆవిడ అంతా విని, అట్లయితే ఐలేశం వచ్చి కూర్చున్నడని ఎందుకు చెప్పినవ్ అనబోయి ఆగింది. ఎందుకంటే అదే మాట కింద నుంచి వినబడింది.

"నా పేరే ఎందుకు చెప్పినవ్ భాయ్?" అన్నాడు ఐలేశం. గట్టిగా అనలేదు. కర్ర మీద రెండు చేతులూ ఆనించి, ధర అడిగినట్టు అడిగాడు. "గురువారం నీ దుకాణానికి నేనొక్కన్నే రాలే గద. పోస్టాయన వచ్చిండు, కరెంటాయన వచ్చిండు. నేనుండంగనే వచ్చిన్రు."

నిజమే. వచ్చారు. ఖుద్దూస్‌కు ఆ ఇద్దరి పేర్లూ తెలుసు. శుక్రవారం బిడ్డ అడిగినప్పుడు ఆ ఇద్దరూ గుర్తున్నారు కూడా. అబద్ధం ఒకటి చప్పున నోటిదాకా వచ్చింది, తోచక అన్న అని. దాన్ని మింగేశాడు.

"వాళ్ళ పేర్లు చెప్తే ఎవ్వలు నమ్మకపోదురు ఐలేశం. నీ పేరైతే నమ్ముతరని చెప్పిన."

గల్లీలో ఎవరో సైకిల్ బెల్లు కొట్టుకుంటూ పోయారు. ఐలేశం కాసేపు ఖుద్దూస్‌ను చూశాడు, తర్వాత నిర్మలమ్మను చూశాడు.

"అవు భాయ్, అడగకుంటనే నమ్మిన్రు" అన్నాడు.

నిర్మలమ్మ తన భుజం మీది ఐలేశం సంచి తీసి, లోపలికి రా ఐలేశం అని పిలిచింది. తాహేరా స్టూలు ముందుకు జరిపింది. అతను పైకి రాలేదు. సంచి ఇటియ్యున్రి మేడమ్, రామన్నపేట బస్సు టైమయింది అని కింద నుంచే చెయ్యి చాచాడు.